ఇంటి దగ్గర కారు సస్పెన్షన్ పని: సమస్యలు, పరిష్కారాలు

అనంతపురంలో చాలా ఇళ్ల వాకిళ్లకు కడప బండలు పరిచి ఉంటాయి. బండ కింద ఇసుక కుంగి బోలుగా ఉంటే జాకీ స్టాండు మోపిన చోట అది పగిలిపోవచ్చు. అందువల్ల మందపాటి చెక్కనో ఇనుప పలకనో వేసి దానిపై స్టాండు నిలపాలి, నేలమీదున్న చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు.

గతుకుల్లో ముందు చక్రం వైపు టకటక శబ్దం

చాలామంది వెంటనే షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు, శబ్దం మాత్రం పోదు. ఇందుకు తరచుగా కారణమయ్యేది స్టెబిలైజర్ లింక్ రాడ్, అంటే కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు భాగాలకు కలిపే చిన్న రాడ్. కారు నేలమీద ఉండగానే దాన్ని చేత్తో గట్టిగా ఆడించి చూస్తే అరిగిన జాయింటు వదులుగా కదులుతుంది. అక్కడ వదులు లేకపోతే చక్రాన్ని పైకెత్తి, పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపుతూ, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు కారు చట్రానికి కలిపే భాగం) బాల్ జాయింటును మరొకరిని గమనించమనాలి. కారు నిలిపి స్టీరింగ్ తిప్పినప్పుడు కటకటమంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైనుండే మౌంటు బేరింగును అనుమానించాలి.

నట్టుతోపాటు బోల్టు కూడా తిరగడం

ఓపికను బాగా పరీక్షించేది ఇదే. లింక్ రాడ్ మరలలో దుమ్ము, తుప్పు గట్టిపడి నట్టు బిగుసుకుంటుంది, దానితోపాటు బోల్టు, దాని చివర జాయింటు లోపలుండే బంతి కూడా తిరుగుతాయి. ముందురోజు రాత్రే మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. మరునాడు బోల్టు కొననున్న గుంటలో అలెన్ కీ పెట్టి కదలకుండా పట్టుకుని, నట్టును రింగు పానాతో తిప్పాలి. గుంట అరిగిపోతే కుస్తీ పట్టనవసరం లేదు. ఎలాగూ మార్చే భాగమే కనుక హాక్సా రంపంతో కోసేయవచ్చు.

కొత్త బుష్ కొద్ది నెలలకే చిరిగిపోవడం

బుష్ అంటే లోయర్ ఆర్మ్ కారు చట్రానికి కలిసే చోట ఉండే రబ్బరు భాగం. అది చిరగడానికి నాసిరకం రబ్బరే కారణమని అనుకుంటారు గానీ, బిగించిన తీరులో కూడా లోపం ఉండవచ్చు. చక్రం గాలిలో వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బోల్టులను పూర్తిగా బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు మెలి తిరిగి నిరంతరం ఒత్తిడిలోనే ఉండిపోతుంది. మొదట బోల్టులను చేతి బిగువుకే ఉంచి, కారు బరువు చక్రాలపై పడి మామూలు ఎత్తుకు వచ్చాక, కంపెనీ మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించాలి. కొత్త విడిభాగాలకు వచ్చే చెడ్డపేరులో చాలా భాగం ఈ ఒక్క మెట్టును వదిలేయడం వల్లే అని నా నమ్మకం.

స్ప్రింగు విషయంలో మాత్రం పంతం పనికిరాదు. స్ప్రింగును కంప్రెసర్‌తో అదిమి పట్టకుండా స్ట్రట్ నడిమి నట్టు విప్పితే అది ప్రాణాంతకంగా ఎగిరి తగలగలదు. సరైన పరికరం లేనివారు స్ట్రట్‌ను కారు నుంచి విప్పి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే మేలు.

పని ముగిశాక కారు ఒకవైపు లాగడం

స్ట్రట్ విప్పి బిగించాక చక్రాల కోణం కొంత మారవచ్చు. విప్పే ముందే బోల్టుల స్థానాన్ని పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత జాతీయ రహదారి 44 ఎక్కేలోపే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే టైర్లు ఒక అంచున త్వరగా అరిగిపోతాయి.