హాంకాంగ్ జూదం సినిమాలను చూడడం ఎలా?

హాంకాంగ్‌లో తయారైన జూదం సినిమాలను, అంటే పేకాట, పోరాటం, హాస్యం కలగలిసిన చిత్రాలను కొత్తగా చూడబోయేవారు వాంగ్ జింగ్ దర్శకత్వంలో 1989లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ గ్యాంబ్లర్స్’తో మొదలుపెట్టడం మంచిది. తర్వాతి చిత్రాల్లో చాలావాటికి అదే ఒరవడి.

ముందుగా ఆట తెలియాలి. పతాక సన్నివేశాల్లో తరచుగా కనిపించే అయిదు ముక్కల పోకర్‌లో ప్రతి ఆటగాడికీ ఒక ముక్క బోర్లా, తక్కిన నాలుగు ఒకదాని తర్వాత ఒకటిగా వెల్లకిలా పడతాయి. వెల్లకిలా ముక్క పడిన ప్రతిసారీ పందెం సాగుతుంది. మన తీన్‌పత్తిలో షో అయ్యేదాకా మూడు ముక్కలూ దాగే ఉంటాయి. ఇక్కడ నాలుగు ముక్కలు అందరి కళ్లెదుటే ఉండడం వల్ల ఉత్కంఠంతా బోర్లా ఉన్న ఆ ఒక్క ముక్క మీదికే చేరుతుంది. కెమెరాకు ఇంతకన్నా అనువైన పేకాట లేదని నా అభిప్రాయం. ఒకే గుర్తున్న అయిదు ముక్కల వరుస అన్నిటికన్నా పెద్దదని, దాని తర్వాతిది ఒకే అంకె నాలుగు ముక్కలని గుర్తుంటే చాలు.

ఆ తర్వాత గమనించవలసింది హాస్యాన్ని ఎక్కడ పెట్టారన్నది. చౌ యున్-ఫాట్ పోషించిన జూదరి మొదట ఓటమి ఎరుగనివాడు; తలకు దెబ్బ తగిలి జ్ఞాపకం పోగానే చాక్లెట్ కోసం మారాం చేసే పిల్లవాడవుతాడు, ఆండీ లౌ పోషించిన వీధి జూదరి అతణ్ని తన లాభానికి వాడుకుంటాడు. నవ్వుతున్నంతసేపూ ఈ మనిషి మళ్లీ బల్ల ముందు కూర్చోగలడా అన్న బెంగ ప్రేక్షకుణ్ని వదలదు కనుకనే చివరి ఆటకు అంత బిగువు వచ్చింది. అతని వేలి ఉంగరం మీద ఓ కన్నేసి ఉంచండి. కారణం ఇక్కడ చెబితే రుచి పోతుంది. ఆ చివరి ఆట ఓడ మీద జరగడంలోనూ ఒక తర్కం ఉంది: హాంకాంగ్‌లో కేసినోలకు అనుమతి లేదు కాబట్టి పెద్ద పందేలకు మకావు వెళ్లాలి, లేదా అంతర్జాతీయ జలాల్లోకి పోవాలి.

తుపాకి పోరాటాలకు ప్రత్యేక సన్నద్ధత అక్కర్లేదు.

రెండవదిగా స్టీఫెన్ చౌ నటించిన 1990 నాటి ‘ఆల్ ఫర్ ది విన్నర్’ చూడండి. మొదటి చిత్రంలోని నాయకుడి ఠీవిని వెక్కిరిస్తూ, చుట్టూ అందరూ మామూలుగా కదులుతుంటే ఇతనొక్కడే స్లో మోషన్‌లో నడిచినట్టు నటిస్తాడు. వరుస తప్పి చూసినవారికి అది ఉత్త పిచ్చి చేష్టగా తోస్తుంది. అతని హాస్యంలో చాలా భాగం కాంటనీస్ పలుకుబడిలోనే ఉంది కనుక, డబ్బింగ్ ప్రతి దొరికినా దాన్ని పక్కనపెట్టి సబ్‌టైటిల్స్ ఉన్న మూల ప్రతినే ఎంచుకోండి.