హెవీ డ్రైవింగ్ స్కూల్లో చేరేముందు స్టీరింగ్ గంటలు లెక్కేయండి

విజయవాడ, గుంటూరుల్లో హెవీ, అంటే లారీలాంటి పెద్ద బండ్లు, నేర్చుకుందామని స్కూలుకు వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ‘లైసెన్సు ఎన్నాళ్లకొస్తుంది?’ అని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ‘స్టీరింగ్ నా చేతిలో ఎన్ని గంటలుంటుంది?’

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు, అందులో బండి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. మోసం జరిగేది ఇక్కడే. రోజుకు గంటసేపు లారీ తీసి నలుగురిని ఎక్కిస్తే, ఒక్కొక్కరికి వచ్చేది పావుగంట. నెలంతా మానకుండా వెళ్లినా ఏడున్నర గంటలే, అంటే సగం. పక్కవాడు నడుపుతుంటే చూస్తూ కూర్చున్న సమయం ఈ లెక్కలోకి రాదు. అందుకే బ్యాచ్‌కు ఎంతమందో చేరకముందే అడగండి. ఎవరు ఎంతసేపు నడిపారో రాసే ఫారం 15 రిజిస్టరు స్కూల్లో ఉండాలి, చూపించమనండి. అందరికీ అన్ని రోజులూ ఒకే సమయం, నెల పొడుగునా ఒకే సిరా కనిపిస్తే ఆ పుస్తకాన్ని నమ్మకండి. చేరాక మీ గంటలు మీరే విడిగా రాసుకోండి.

స్కూలు నడపడానికిచ్చే ఫారం 11 లైసెన్సు ఆ స్కూలు ఆఫీసులో కనబడేలా ఉండాలి. దాని గడువు ఐదేళ్లు, తేదీ చూడండి. లారీ నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. తర్వాత క్యాబిన్ ఎక్కి, నేర్పేవాళ్ల వైపున్న పెడళ్లు తొక్కి చూడండి. అవి ఉత్తినే ఆడుతుంటే ఆ బండిలో డబుల్ కంట్రోల్ లేనట్టే.

ఒక పూట వాళ్ల క్లాసు చూడనివ్వమని అడగండి. స్టార్ట్ చేసీ చేయగానే కదిలిస్తున్నారా, బ్రేకు ట్యాంకులో గాలి నిండేదాకా ఆగుతున్నారా? ఎయిర్ బ్రేకు లారీలో పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, వదిలించేది గాలి. గాలి మీటరు ముల్లు ఎరుపు దాటకముందే, బజర్ ఆగకముందే గేరు వేసి లాగితే చక్రాలు పట్టుకునే ఉంటాయి, కాలేది క్లచ్ ప్లేటు. దిగుడులో మాటిమాటికీ బ్రేకు తొక్కితే ట్యాంకులో గాలి తరుగుతుంది, డ్రమ్ములు కాగి బ్రేకు పట్టు తప్పుతుంది. గేరు తగ్గించి ఎగ్జాస్ట్ బ్రేకుతో (ఇంజను పొగదారిని అడ్డుకుని బండి వేగం తగ్గించేది) దించడం నేర్పని స్కూలు వద్దు. మన చుట్టుపక్కల రోడ్లు చాలావరకు చదును. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో, అదీ లోడుతో, మొదటిసారి నేర్చుకోవడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

ఖాళీ బండి మీద మాత్రమే నేర్పితే అది సగం చదువే. లోడుతో బండి ఆగే దూరం పెరుగుతుంది, ఎత్తులో ఆపి మళ్లీ కదిలించడం కష్టమవుతుంది. కొన్ని రోజులైనా ఇసుక బస్తాలు వేసి నడిపిస్తారా అని అడగండి. ఇక రివర్స్. మిర్చియార్డులో బస్తాలు, హమాలీల మధ్య లారీ వెనక్కి పెట్టాల్సివచ్చినప్పుడు మీకు దిక్కు రెండు అద్దాలే. మలుపులో వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. ఎడమవైపున్న బైకును నలిపేసేది అవే. డ్రమ్ములు పెట్టి ఈ రెండూ పదేపదే చేయించే శిక్షకుడు దొరికితే కాస్త ఎక్కువ ఫీజైనా ఇవ్వొచ్చు.

హెవీ ఎల్ఎల్ఆర్‌కు (లెర్నర్ లైసెన్సుకు) 20 ఏళ్లు నిండాలి, లైట్ లైసెన్సు వచ్చి ఏడాది కావాలి, ఫారం 1ఎ మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. ఏడాది నిండకున్నా చూసుకుంటామంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ‘టెస్టు అక్కర్లేదు’ అనే మాట గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకే చెల్లుతుంది. 2021 నియమాల ప్రకారం అక్కడ హెవీ కోర్సు 6 వారాలు, 38 గంటలు. పూర్తయ్యాక ఇచ్చేది ఫారం 5బి. మామూలు స్కూలు ఇచ్చేది ఫారం 5, దానితో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నడిపి చూపించాల్సిందే. మొత్తం బరువు 7,500 కిలోలలోపు మినీ లారీ చాలనుకునేవాళ్లకు లైట్ లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు ఈ ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. సగం చేరేటప్పుడు, మిగతాది మీ పుస్తకంలో 15 గంటలు నిండాక. ఎల్ఎల్ఆర్, టెస్టు ఫీజులు, టెస్టు రోజు లారీ అందులోనే కలిశాయా, విడిగా కట్టాలా అన్నది రసీదు మీదే రాయించుకోండి.