ఏఎఫ్ఎల్ మహిళల లీగ్‌లో డిఫెండర్‌గా ఎదగడం ఎలా

ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మహిళల లీగ్, 2017 ఫిబ్రవరిలో 8 జట్లతో మొదలైంది. ఇప్పుడు 18 క్లబ్బులకూ మహిళల జట్లున్నాయి, ఒక్కో జాబితాలో 30 మంది. అందులో చోటు కోసం వచ్చే అమ్మాయిలు ఎక్కువగా గోల్ కొట్టడం, ఎగిరి బంతి పట్టడం సాధన చేసుకుని వస్తారు. డిఫెండర్‌కు ముందు కావలసింది అది కాదు. బంతి రాకముందే ఎక్కడ నిలబడాలో తెలియాలి. వచ్చాక పట్టాలా, గుద్దాలా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. దొరికాక పోగొట్టుకోకుండా బయటికి పంపాలి. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం వీటి గురించే.

పురుషుల ఆటలో జట్టుకు 18 మంది ఆడితే, మహిళల ఆటలో 16 మంది, బెంచీ మీద 5 మంది. మనుషులు తగ్గారు కాబట్టి ఒక్కొక్కరు కాపాడాల్సిన జాగా పెరిగింది. పైగా సెంటర్ బౌన్స్ వేళ, అంటే మైదానం నడిమిలో అంపైర్ ఆట మొదలుపెట్టేటప్పుడు, ప్రతి జట్టూ 5-6-5గా నిలబడాలి: గోల్ వైపు 5, మధ్యలో 6, ముందు 5. అంటే ఆ క్షణంలో మీ వెనక అదనపు మనిషి ఉండదు. మధ్యలోంచి ఒక్క కిక్ దూసుకొచ్చిందా, మీరూ, మీరు కాపలా కాసే ఫార్వర్డూ (గోల్ కొట్టడానికి చూసే అవతలి జట్టు అమ్మాయి) ఇద్దరే. మహిళల లీగ్‌లో స్కోర్లు తక్కువ కాబట్టి అక్కడ పోయిన గోల్, అంటే 6 పాయింట్లు, తిరిగి సంపాదించడం కష్టం.

నిలబడే చోటు సంగతి. ఎప్పుడూ గోల్‌కూ ఫార్వర్డ్‌కూ మధ్య, ఒక అర అడుగు మైదానం నడిమి వైపు జరిగి ఉండండి. అప్పుడు ఆమె పరిగెత్తితే అంచు వైపుకే పరిగెత్తాలి, అక్కడినుంచి గోల్ కొట్టడం కష్టం. ఒళ్లు పక్కకు తిప్పి, బంతీ ఆమే రెండూ చూపులో పడేలా ఉండాలి. బంతి దూరంగా ఉన్నంతసేపు నాలుగైదు మీటర్లు వదిలినా ఫర్వాలేదు. కొట్టే మనిషి తలెత్తి చూడగానే చేతికందే దూరానికి వచ్చేయాలి. చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు: కిక్ కొట్టాక కదులుతారు, అప్పటికి ఫార్వర్డ్ రెండడుగులు ముందుంటుంది.

దగ్గరికి వచ్చాక ముంజేత్తో ఆమె ఒంటిని తాకి ఉంచండి. ఎటు కదులుతోందో చూడకుండానే తెలుస్తుంది, కళ్లు బంతి మీదే ఉంచొచ్చు. వీపు మీద చెయ్యి ఆనించడం తప్పు కాదు, తోయడం తప్పు. జెర్సీ లాగినా, గాల్లో ఆమె చేతుల మీద కొట్టినా అంపైర్ ఫ్రీకిక్ ఇస్తాడు. గోల్ ఎదుట ఫ్రీకిక్ ఇవ్వడమంటే దాదాపు గోల్ ఇచ్చినట్టే.

ఇక గుద్దడం, అంటే స్పాయిల్. ముందు భాగంలో ఉండి రెండు చేతులూ ఖాళీగా ఉంటే పట్టండి. అర అడుగు వెనకబడి ఉంటే గుద్దండి. రెండింటి మధ్య ఊగిసలాడితే బంతి ఇద్దరి చేతుల్లోంచి జారి కిందపడుతుంది, దానికోసమే కాచుకున్న చిన్న ఫార్వర్డ్ ఎత్తుకుపోతుంది. పిడికిలి గట్టిగా బిగించి, బొటనవేలు బయట ఉంచి, చెయ్యి పూర్తిగా చాచి బంతి గుండా కొట్టాలి. కిందికి కొట్టకూడదు. పక్క గీత వైపు కనీసం 10 మీటర్లు పోవాలి. సాధనకు ముగ్గురు చాలు: ఒకరు ప్యాడ్‌తో ఆనుకుని నిలబడతారు, ఒకరు 20 మీటర్ల నుంచి బంతి ఎత్తి కొడతారు, మీరు గుద్దుతారు. ఒక్కో చేతికి 8 చొప్పున మూడు సెట్లు. చివరి సెట్ తడి బంతితో చేయండి, చలికాలంలో చాలా మ్యాచ్‌లు అలాగే ఉంటాయి. బంతి తప్పకుండా 4వ సైజుదే ఉండాలి, లీగ్‌లో వాడేది అదే. పురుషుల 5వ సైజు బంతితో సాధన చేస్తే చేతి అంచనా తప్పుతుంది.

పక్క గీత దగ్గర నియమం ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి. రెండు 50 మీటర్ల వంపుల (గోల్ నుంచి 50 మీటర్ల దూరంలో గీసిన వంపు గీతలు) మధ్య మీరు కిక్ గానీ హ్యాండ్‌బాల్ (ఒక చేత్తో పట్టుకుని రెండో పిడికిలితో కొట్టి పంపడం) గానీ చేసిన బంతి ఎవరూ తాకకుండా గీత దాటితే అవతలి జట్టుకు ఫ్రీకిక్. గాల్లో ఉన్న బంతిని పిడికిలితో గుద్దింది (స్పాయిల్) ఆ లెక్కలోకి రాదు, అంపైర్ లోపలికి విసిరి ఆట కొనసాగిస్తాడు. అందుకే వంపు దాటి బయటికొచ్చాక కంగారుగా అంచుకు తన్నేయడం పనికిరాదు. గోల్‌గీత దగ్గర ఇంకొకటి: ఒత్తిడిలో ఉన్నప్పుడు బంతిని మీరే గీత దాటించి 6 బదులు 1 పాయింటే ఇవ్వొచ్చు. కానీ మీద ఎవరూ లేనప్పుడు, లేదా 9 మీటర్ల కన్నా దూరం నుంచి కావాలని అలా చేస్తే గోల్ ముంగిట ఫ్రీకిక్ పడుతుంది.

బంతి గెలిచాక మొదటి చూపు అంచు వైపు ఖాళీగా ఉన్న మనిషి మీదికి పోవాలి, రెండోది వెనకనుంచి పరిగెత్తుకొచ్చే సహచరి మీదికి. గోల్ ఎదుటగా అడ్డంగా కొట్టే కిక్ వేరే దారి లేనప్పుడే. అది అవతలివాళ్లకు దొరికిపోతే ఆపడానికి ఎవరూ మిగలరు. నా ఉద్దేశంలో కోచ్‌లు డిఫెండర్‌ను జట్టులోంచి తీసేసేది ఎక్కువగా ఓడిన పోటీల వల్ల కాదు, ఇలాంటి కిక్‌ల వల్లే. నార్త్ మెల్‌బోర్న్ కెప్టెన్‌గా ఎమ్మా కెర్నీ మిడ్‌ఫీల్డ్ నుంచి హాఫ్‌బ్యాక్‌కు, అంటే రక్షణ వరుసకు, మారింది. గెలిచిన బంతిని సరైన చోటికి కొట్టే కాలు వెనక వరుసలో ఎంత విలువైందో చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు.

వేరే ఆటల నుంచి వచ్చేవాళ్లకు రక్షణ వరుస మంచి ద్వారం. లిబ్బీ బర్చ్ నెట్‌బాల్ నుంచి, కెరిన్ హారింగ్టన్ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన డిఫెండర్లే. బర్చ్ వెస్టర్న్ బుల్‌డాగ్స్, మెల్‌బోర్న్, నార్త్ మెల్‌బోర్న్ మూడింటితోనూ ట్రోఫీ గెలిచింది. ఎగిరే సమయం, మనిషిని వదలకుండా అంటిపెట్టుకోవడం వీళ్లకు ముందే వచ్చి ఉంటాయి. రానిది కిక్. బంతిని పైనుంచి పడేస్తే గాల్లో తిరిగిపోతుంది. తుంటి ఎత్తు నుంచి నిటారుగా జారవిడిచి, కింది మొనకు పాదం తగిలేలా కొట్టాలి. బంతి వెనక్కి తిరుగుతూ పోతే సరిగ్గా తగిలినట్టు.

దారి విషయానికొస్తే: స్థానిక క్లబ్బు, ఆపైన విక్టోరియాలో కోట్స్ టాలెంట్ లీగ్ లాంటి యువ పోటీలు, వీఎఫ్ఎల్‌డబ్ల్యూ (విక్టోరియా), ఎస్ఏఎన్ఎఫ్ఎల్‌డబ్ల్యూ (సౌత్ ఆస్ట్రేలియా), డబ్ల్యూఏఎఫ్ఎల్‌డబ్ల్యూ (వెస్టర్న్ ఆస్ట్రేలియా) లాంటి రాష్ట్ర మహిళల లీగులు, చివరికి డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకోవడం. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల్లో 20 మీటర్ల పరుగు, పరిగెత్తి ఎగరడం, చురుకుదనం, 2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. క్లబ్బులకు పంపే వీడియోలో పట్టిన బంతులే కత్తిరించి పెట్టకండి. కిక్ కొట్టడానికి 5 సెకన్ల ముందునుంచి చూపించండి. ఎక్కడ నిలబడ్డారన్నదే వాళ్లు వెతుకుతారు.

మోకాలి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) తెగడం మహిళల ఫుట్‌బాల్‌లో పురుషుల కన్నా చాలా ఎక్కువ. ఫార్వర్డ్ మలుపు తిరిగితే డిఫెండర్ ఆలోచించే వ్యవధి లేకుండా ఒంటికాలి మీద తిరగాలి. మోకాలు నిటారుగా ఉండి లోపలికి వాలితే లిగమెంట్ తెగొచ్చు. ఆగేముందు అడుగులు చిన్నవి చేయండి. ఎగిరి దిగేటప్పుడు వీలైనంతవరకు రెండు కాళ్ల మీదా మోకాళ్లు వంచి దిగండి. లా ట్రోబ్ విశ్వవిద్యాలయంతో కలిసి ఏఎఫ్ఎల్ తయారుచేసిన ప్రెప్ టు ప్లే వ్యాయామాలను ప్రతి ప్రాక్టీసుకూ ముందు చేయాలి, నెలకోసారి చేస్తే లాభం లేదు. శస్త్రచికిత్స అయితే కనీసం 9 నెలలు ఆగాలి, ఏడాది పట్టడం మామూలే.

తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అని తేలితే 12వ రోజు కన్నా ముందు మ్యాచ్ లేదు. స్థానిక స్థాయిలో 2024 నుంచి 21 రోజులు. అప్పటి అడిలైడ్ కెప్టెన్ చెల్సీ రాండాల్ ఈ నియమం వల్లే 2021 గ్రాండ్ ఫైనల్ ఆడలేదు. తలనొప్పి, వికారం ఆ రాత్రే డాక్టరుకు చెప్పండి, ఎంత పెద్ద మ్యాచ్ ముందున్నా సరే.

డబ్బు 2017తో పోలిస్తే బాగా మారింది. అప్పుడు కనీస మొత్తం 8,500 ఆస్ట్రేలియన్ డాలర్లు. 2023 ఒప్పందం ప్రకారం సగటు ఆదాయం 60,000 డాలర్లకు చేరింది, 2027కు 82,000 కావాలి. సగటు కాబట్టి కొత్తగా చేరేవాళ్లకు అంతకన్నా తక్కువే వస్తుంది. సీజన్ ఆగస్టు నుంచి నవంబరు దాకా ఉంటుంది, సాయంత్రాలు ప్రాక్టీసుకు పోతాయి. వేళలు మార్చుకునే వీలున్న ఉద్యోగమో, నిదానంగా పూర్తిచేయగల కోర్సో మొదటి ఏడాదే చూసుకోండి. సంతకం పెట్టేముందు గాయమైతే జీతం, వైద్యం ఖర్చు ఎన్నాళ్లు వస్తాయో ఒప్పందంలో చదవండి, అర్థం కాకపోతే ఆటగాళ్ల సంఘాన్ని అడగండి.