ఫిలిప్పీన్స్ భోజనశాలలో నెల్లూరు వారు ఎలా తినాలి

వైద్యవిద్యకై ఫిలిప్పీన్స్ వెళ్లిన పిల్లలను చూడబోయే నెల్లూరు తల్లిదండ్రులు అక్కడి చిన్న భోజనశాలలకు జంకనవసరం లేదు. ‘తురో-తురో’ అనే రకం భోజనశాలలో వండిన కూరలు ఎదురుగానే వరుసగా ఉంటాయి, కావలసినదాన్ని వేలితో చూపితే వడ్డిస్తారు. మొదట చేపతో చేసిన సినిగాంగ్ అడగండి. చింతకాయ పులుపుతో కాచే ఆ పులుసులో మన చేపల పులుసులోని కారం, చిక్కదనం ఉండవు, అయినా వేడి అన్నంలో కలుపుకుంటే, నా దృష్టిలో, అంతకంటే దగ్గరి రుచి అక్కడ దొరకదు. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలతో ఉడికించే అదోబోను కోడితోనూ పందిమాంసంతోనూ చేస్తారు గనుక, ‘బాబోయ్’ అంటే పంది అని గుర్తుంచుకొని ముందే అడగాలి. చేతితో తినడం ‘కమాయన్’ పేరుతో వారికీ ఉంది. శాకాహారులు మాత్రం కూరగాయల వంటకాల్లోనూ రొయ్యల ముద్ద కలుస్తుందేమో విచారించుకోవాలి.