జీవిత భాగస్వామి వేరే రాష్ట్రంలో ఉంటే విడాకులు, భరణం: కాలిఫోర్నియాలో దరఖాస్తు విధానం

అమెరికాలో భార్యాభర్తలు చెరో రాష్ట్రంలో ఉంటూ విడాకులకు వెళ్లినప్పుడు, పెళ్లి రద్దయినట్టు తీర్పు వచ్చి కూడా భరణం కింద ఒక్క డాలరు రాకపోవచ్చు. డబ్బు పుచ్చుకుని ఫారాలు నింపిపెట్టే మధ్యవర్తులు ఈ సంగతి చెప్పరు. కాగితాలు కోర్టులో దాఖలవడంతో వారి పని పూర్తవుతుంది, చిక్కులన్నీ ఆ తరువాతే మొదలవుతాయి.

దాఖలు చేయడం కష్టమేమీ కాదు. దంపతుల్లో ఒకరు ఆరు నెలలుగా కాలిఫోర్నియాలోనూ, అందులో చివరి మూడు నెలలు దాఖలు చేసే కౌంటీలోనూ (జిల్లా లాంటి ప్రాంతం) నివసిస్తూ ఉంటే సరిపోతుంది. వీసా మీద ఉన్నంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు. పిటిషన్‌కు ఎఫ్‌ఎల్‌-100, సమన్లకు ఎఫ్‌ఎల్‌-110, చిన్నపిల్లలుంటే అదనంగా ఎఫ్‌ఎల్‌-105 నింపాలి. రుసుము కట్టే స్తోమత లేనివారు ఎఫ్‌డబ్ల్యు-001తో మినహాయింపు కోరవచ్చు.

ఎక్కువ మంది తడబడేది ఎఫ్‌ఎల్‌-115 దగ్గర. సమన్లు అందాయని రుజువు చేసే పత్రం ఇది. సమన్లను పిటిషనర్ స్వయంగా అందజేయకూడదు. కేసుతో సంబంధం లేని, 18 ఏళ్లు నిండిన వ్యక్తి అందజేసి, ఈ పత్రంపై సంతకం చేయాలి. ఎదుటివారు రాష్ట్రం బయట ఉంటే రసీదు కోరుతూ తపాలాలో పంపవచ్చు, పంపిన పదో రోజుకు అందినట్టు లెక్క. అయితే ఆ కవరు నిజంగా వారి చేతికే చేరిందని కోర్టుకు నమ్మకం కలగాలి. తిరిగి వచ్చిన ఆకుపచ్చ రసీదు మీద భర్త సంతకం బదులు అతని గదిలో ఉండే స్నేహితుడి సంతకం ఉన్నందువల్ల ఒకామె మళ్లీ మొదటి నుంచీ సమన్లు పంపుకోవలసి రావడం నేను చూశాను.

సమన్లు సక్రమంగా అందినా, డబ్బు విషయంలో అదొక్కటే చాలదు. పెళ్లిని రద్దు చేయడానికి ఒకరి నివాసం సరిపోతుంది గానీ, భరణం కట్టమనడానికి ఎదుటి వ్యక్తి మీద ఆ కోర్టుకు అధికార పరిధి ఉండాలి. అమెరికా సుప్రీంకోర్టు 1957లో వాండర్‌బిల్ట్ కేసులో తేల్చింది ఇదే. పిల్లల పోషణ ఖర్చు విషయంలో ఆ అధికారం ఎప్పుడు కలుగుతుందో అంతర్రాష్ట్ర పోషణ చట్టం చెబుతుంది: ఖర్చు భరించాల్సిన తల్లి లేదా తండ్రి ఒకప్పుడు బిడ్డతో కలిసి ఈ రాష్ట్రంలో ఉండి ఉండాలి, లేదా వారి చర్యల వల్లే బిడ్డ ఇక్కడికి వచ్చి ఉండాలి, లేదా సమన్లు ఈ రాష్ట్రంలోనే వారి చేతికి అంది ఉండాలి, మరికొన్ని ఆధారాలూ ఉన్నాయి. న్యూయార్క్‌లో ఉన్న తండ్రి కూతురిని కాలిఫోర్నియాలోని తల్లి దగ్గరికి పంపడానికి ఒప్పుకున్నంత మాత్రాన అది చాలదని 1978లో కుల్కో కేసులో అన్నారు. పని మీద వచ్చి, పిల్లలను చూసుకునేందుకు ఆగిన న్యూజెర్సీ భర్తకు ఇక్కడే సమన్లు ఇస్తే చెల్లుతుందని 1990లో బర్న్‌హామ్ కేసులో తేల్చారు.

సమన్లు అందుకున్నవారికీ ఒక మాట. 30 రోజుల్లో జవాబివ్వాలన్న కంగారులో జవాబు ఫారం ఎఫ్‌ఎల్‌-120 దాఖలు చేస్తే, కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టే అవుతుంది. అభ్యంతరం ఉన్నవారు ఆ గడువులోనే, జవాబు కంటే ముందు, సమన్ల సర్వీసును (అందజేతను) రద్దు చేయమని కోర్టుకు మోషన్ (విన్నపం) వేయాలి.

పరిధి లేదని తేలినా దారి మూసుకుపోదు. పిల్లల పోషణ ఖర్చు ఇప్పించే కౌంటీలోని ప్రభుత్వ చైల్డ్ సపోర్ట్ సంస్థలో దరఖాస్తు చేస్తే, వారు అంతర్రాష్ట్ర చట్టం కింద కాగితాలను ఎదుటివారి రాష్ట్రానికి పంపుతారు, అక్కడి కోర్టు పోషణ ఖర్చు నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియాలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు కనుక దీనికోసం ఎవరైనా డబ్బడిగితే ఇవ్వనక్కర్లేదు. పిల్లలు లేక భరణం మాత్రమే కావాల్సినవారికి ఈ సంస్థ కొత్త ఉత్తర్వు తెచ్చిపెట్టదు. వారు ఎదుటివారి రాష్ట్రంలో కోర్టుకు వెళ్లాలి.

ఆ అవకాశం మిగిలి ఉండాలంటే ఎఫ్‌ఎల్‌-100లో భరణం దగ్గరి గడులను ఒకటికి రెండుసార్లు చదవండి. ఒక గడి భరణం ఇప్పించే అధికారాన్ని ముగించమంటుంది, ఇంకొకటి ఆ విషయాన్ని తరువాతి నిర్ణయానికి అట్టిపెట్టమంటుంది. పని త్వరగా అవుతుందని చెప్పి మధ్యవర్తులు పిటిషనర్ పేరు ఎదురుగా మొదటి దానికే టిక్కు పెట్టేస్తుంటారు.