వీడియో తర్వాత చూసుకుందాం, ముందు ప్రశ్న రాయండి

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ (పాఠం ఇంట్లో వీడియోలో వినడం, క్లాసులో దాని మీద పనిచేయడం) మొదలుపెట్టాలనుకునే లెక్చరర్లు ఎక్కువగా అడిగేది కెమెరా గురించే. ఏ మైకు కొనాలి, తెర మీద మన ముఖం కనిపించాలా వద్దా అని. నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. నా దృష్టిలో వీడియో ఈ పనిలో చిన్న ముక్క. పాఠం వినడం ఇంటికి వెళ్లిపోయాక క్లాసులో మిగిలిన గంటలో పిల్లల చేత ఏం చేయిస్తామన్నదే అసలు పని. అందుకే నేను ముందు క్లాసులో అడగబోయే ప్రశ్న రాసుకుంటాను. దానికి జవాబు ఆలోచించడానికి ఏం తెలిసి ఉండాలో అంతవరకే వీడియోలో పెడతాను.

ఫార్ములాలో అంకెలు వేస్తే జవాబు వచ్చేసే ప్రశ్న ఇక్కడ పనికిరాదు. నేను తరచూ వాడేది ఇది: ఒక సర్వేలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యి మందిని అడిగితే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (సర్వే ఫలితం అసలు లెక్కకు అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే అంకె) సుమారు 3 శాతం వచ్చింది. అది సగానికి తగ్గాలంటే ఎంతమందిని అడగాలి? 1500, 2000, 4000, 10000. జవాబు 4000, ఎందుకంటే ఎర్రర్ తగ్గేది శాంపిల్ సైజు వర్గమూలాన్ని బట్టి. ఫార్ములా కంఠతా వచ్చినవాళ్లు కూడా చాలామంది 2000కే ఓటేస్తారు. తప్పు ఆప్షన్లను ఏవో అంకెలతో నింపేయకండి. ప్రతి తప్పు జవాబు వెనకా ఒక విద్యార్థి నిజంగా పడే పొరపాటు ఉండాలి. పాత జవాబు పత్రాలు తిరగేస్తే అవి కుప్పలుగా దొరుకుతాయి.

ఇక క్లాసు నడిపే పద్ధతి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్‌నే, అంటే పిల్లలు ఒకరికొకరు వివరించుకుని నేర్చుకునే పద్ధతినే, నేనూ వాడతాను. ప్రశ్న తెర మీద పెట్టి, ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వాళ్లు ఆలోచించుకోమనండి. ఈ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. ముందే మాటలు మొదలైతే గట్టిగా మాట్లాడేవాడి జవాబే అందరి జవాబూ అయిపోతుంది. తర్వాత ఓటింగ్. యాప్ ఉంటే సరే, లేకపోతే ఒకటి నుంచి నాలుగు వేళ్లు ఛాతీకి ఆనించి చూపించమనండి. పక్కవాళ్లకు కనపడదు, మీకు కనపడుతుంది.

ఫలితం అప్పుడే బయటపెట్టకండి. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య వచ్చిందా, అప్పుడే చర్చ పండుతుంది. అంతకన్నా తక్కువైతే ఆ విషయం మళ్లీ కాస్త వివరించాలి, ఎక్కువైతే రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్లాలి. మధ్యలో ఉంటే మాత్రం, వేరే జవాబు చెప్పినవాళ్లను వెతుక్కుని ఒప్పించమనండి. బెంచీలు కదలని పెద్ద హాలైతే వరస విడిచి వరస వాళ్లను వెనక్కి తిరగమంటే చాలు, నలుగురేసి గుంపులు తయారవుతాయి.

ఆ మూడు నాలుగు నిమిషాలు డయాస్ మీద నిలబడి ఫోను చూసుకోకండి. బెంచీల మధ్య తిరుగుతూ వినండి. "రెట్టింపు మందిని అడిగితే ఎర్రర్ సగమవ్వాలి కదా?" "కాదురా, కింద రూట్ ఉంది చూడు." "ఉంటే?" ఆ "ఉంటే?" దగ్గర ఆగిపోయిన జంటలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే మీరు తర్వాత ఏం వివరించాలో తెలిసినట్టే. మళ్లీ ఓటు పెట్టించాక కూడా జవాబు చెప్పేయకండి. 2000 అన్నవాళ్ల వాదన ఏమిటో క్లాసులో ఎవరో ఒకరిని వివరించమనండి. ఆ జవాబు ఎంచుకున్నవాళ్లనే లేపకండి, అది పరువు సంగతి అయిపోతుంది.

వీడియో చూడకుండా వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం క్లాసు మొదట్లో పాఠం మళ్లీ చెప్పారంటే పద్ధతంతా చెడిపోయినట్టే, ఆ మరుసటి వారం నుంచి చూసేవాళ్లు కూడా మానేస్తారు. నేను ముందు రోజు రాత్రిలోగా రెండు చిన్న ప్రశ్నలకు జవాబులు పంపమంటాను. మూడో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇందులో మీకు ఏది అయోమయంగా ఉంది? జవాబు తప్పైనా ప్రయత్నానికి కొన్ని మార్కులు ఇస్తాను. పొద్దున్నే అవి చదివితే ఆ రోజు క్లాసులో ఏ ప్రశ్న ముందు అడగాలో తేలిపోతుంది. ఏమీ చూడకుండా వచ్చినవాళ్లు వెనక బెంచీలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసి, తర్వాత గుంపులో కలవాలి.

వీడియో గురించి రెండే మాటలు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల వీడియోలను పరిశీలించి 2014లో ఫిలిప్ గువో బృందం ఆరు నిమిషాల లోపు ఉంచమని సలహా ఇచ్చింది. పాఠ్యపుస్తకంలో బాగా రాసిన నాలుగు పేజీలు ఉంటే అసలు వీడియోనే అక్కర్లేదు.

"సార్ పాఠం చెప్పడం మానేశారు, మాచేతే చదివిస్తున్నారు" అనే మాట రెండో వారానికల్లా వస్తుంది. దీనికి పిల్లలను మొదటి రోజే సిద్ధం చేయాలి. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. యాక్టివ్ లెర్నింగ్ క్లాసులో, అంటే వింటూ కూర్చోకుండా పిల్లలే పనిచేస్తూ నేర్చుకునే క్లాసులో, కూర్చున్నవాళ్లు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు, పరీక్ష పెడితే ఎక్కువ మార్కులు వాళ్లకే వచ్చాయి. ఆ ఫలితాల గ్రాఫు నేను మొదటి క్లాసులోనే చూపిస్తాను. తోటి లెక్చరర్లు అడిగితే 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి చూసిన లెక్క చెబుతాను: సైన్సు, ఇంజినీరింగ్, గణితం కోర్సుల్లో ఫెయిలయ్యేవాళ్లు మామూలు లెక్చర్లలో 33.8 శాతం, యాక్టివ్ లెర్నింగ్‌లో 21.8 శాతం.

సిలబస్ పూర్తవుతుందా అంటే, డెరివేషన్లన్నీ (ఫార్ములా ఎలా వచ్చిందో చూపే మెట్లు) బోర్డు మీద రాయాలనుకుంటే అవదు. వాటిని చదువుకోవడానికి ఇచ్చేయండి. మొదటి సెమిస్టర్‌లో ఒక్క యూనిట్‌తోనే మొదలుపెట్టండి, అదీ పిల్లలు ఏటా తడబడే యూనిట్‌తో. పరీక్ష పేపర్ మీ చేతిలో ఉంటే అందులో నాలుగో వంతైనా సర్వే ప్రశ్న లాంటివే పెట్టండి. పేపర్ అంతా డెరివేషన్లే అడిగితే, క్లాసులో చర్చ ఎంత బాగా జరిగినా చివరి నెలలో హాలు ఖాళీ అవుతుంది, ఆ పిల్లలను తప్పుపట్టలేం కూడా.