వేళ్ల కింద చుక్క లేవనప్పుడు: కంప్యూటర్‌తో బ్రెయిలీ డిస్‌ప్లే సమస్యలు, పరిష్కారాలు

బ్రెయిలీ డిస్‌ప్లే అంటే తెరమీది రాతను వేళ్లతో చదివేలా చుక్కలుగా లేపే పరికరం. అది పనిచేయడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు చెప్పేది ఒకటే: "కేబుల్ పీకేసి, డిస్‌ప్లే ఒక్కదాన్నే ఆన్ చెయ్యండి. వేళ్ల కింద ఏమైనా వచ్చిందా?" చాలామంది అప్పటికే స్క్రీన్ రీడర్ (తెరమీదిది చదివి వినిపించే, బ్రెయిలీకి పంపే ప్రోగ్రామ్) తీసేసి మళ్లీ ఎక్కించి, డ్రైవర్ రెండుసార్లు వేసి, విసిగిపోయి ఉంటారు. ఈ చిన్న పని మాత్రం చేసి ఉండరు. తప్పు డిస్‌ప్లేలో ఉందా, మధ్య దారిలో ఉందా, స్క్రీన్ రీడర్‌లో ఉందా అన్నది తేలకుండా దేన్ని ముట్టుకున్నా టైమ్ వేస్టే. అందుకే కింది సమస్యలను ఆ వరసలోనే పెట్టాను.

ముందే ఒక మాట. ఎనిమిది చుక్కలు పట్టే చోటును ఇంగ్లిష్‌లో సెల్ అంటారు గానీ, తెలుగులో సెల్ అంటే అందరికీ ఫోనే. ఇక్కడ గడి అంటాను. అందులోని చుక్కలను 1 నుంచి 8 దాకా అంకెలతో పిలుస్తారు. 20 గడుల డిస్‌ప్లే, 40 గడుల డిస్‌ప్లే, అలా.

ఒంటరిగా ఆన్ చేసినా ఒక్క చుక్కా లేవదు

ఆరోగ్యంగా ఉన్న డిస్‌ప్లే ఆన్ కాగానే తన పేరో, మెనూనో, కనెక్షన్ కోసం చూస్తున్నానన్న ముక్కో చూపిస్తుంది. అదీ రాలేదంటే కంప్యూటర్‌తో పనే లేదు. ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీని. నెలల తరబడి పక్కన పెట్టేసిన డిస్‌ప్లే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్ పోర్టుకు తగిలించగానే లేస్తుందనుకోవద్దు. గోడ ప్లగ్గుకు, దానితో వచ్చిన ఛార్జర్‌తోనే ఒక గంట పెట్టి అప్పుడు చూడండి. అప్పటికీ లేవకపోతే రీసెట్ ఎలా చేయాలో దాని మాన్యువల్‌లో వెతకండి. కొన్నింట్లో పవర్ బటన్‌ను చాలాసేపు నొక్కి ఉంచాలి, కొన్నింట్లో రెండు మూడు కీలు కలిపి నొక్కాలి. ఊహించి నొక్కితే మాత్రం ఉన్న సెట్టింగ్‌లన్నీ చెరిగిపోయే ప్రమాదం ఉంది.

డిస్‌ప్లే బాగానే లేచింది, కంప్యూటర్‌కే తెలియదు

యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే విండోస్ "టింగ్" మని చిన్న శబ్దం చేయాలి. ఆ శబ్దం రాకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కొన్ని ఉంటాయి. వాటిలో డేటా తీగలే ఉండవు. డిస్‌ప్లే ఛార్జ్ అవుతూనే ఉంటుంది కాబట్టి కేబుల్ మంచిదేనని మనం నమ్మేస్తాం. ఫోన్‌నుంచి కంప్యూటర్‌లోకి ఫొటోలు ఎక్కించడానికి వాడే కేబుల్ ఏదైనా ఉంటే దాన్ని పెట్టి చూడండి. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి, నేరుగా పోర్టుకు తగిలించండి.

శబ్దం వచ్చింది, అయినా ఏమీ జరగడం లేదా? అయితే డిస్‌ప్లే తన సొంత లోకంలో ఉండొచ్చు. నోట్స్ రాసుకోవడం, పుస్తకాలు చదవడం లాంటి పనులు సొంతంగా చేసుకునే మోడళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటి మెనూలో టెర్మినల్ అనో, స్క్రీన్ రీడర్ అనో, కనెక్షన్స్ అనో ఒక అంశం ఉంటుంది. అందులోకి వెళ్లి యూఎస్‌బీని ఎంచుకుంటేనే కంప్యూటర్ మాట వింటుంది. కొత్తగా కొన్నవారు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

కంప్యూటర్ గుర్తించింది, స్క్రీన్ రీడర్ గుర్తించలేదు

ఒక డిస్‌ప్లేను ఒక సమయంలో ఒకే ప్రోగ్రామ్ పట్టుకోగలదు. జాస్, ఎన్‌వీడీఏ రెండూ విండోస్ స్క్రీన్ రీడర్లే. జాస్ నడుస్తుండగా ఎన్‌వీడీఏ తెరిస్తే, ముందు పట్టుకున్నది వదలదు. రెండింటినీ మూసేసి, డిస్‌ప్లేను ఆఫ్ చేసి ఆన్ చేసి, మీకు కావలసిన ఒక్కదాన్నే తెరవండి.

ఇదే గొడవకు ఇంకో రూపం ఉంది, అది తొందరగా దొరకదు. విండోస్ 10లో, దానితోపాటే వచ్చే స్క్రీన్ రీడర్ నరేటర్‌కు బ్రెయిలీని ఒకసారి ఆన్ చేస్తే, అది ఆ డిస్‌ప్లేకు తన డ్రైవర్ తగిలించేస్తుంది. ఆ తర్వాత నరేటర్‌ను మూసేసినా డ్రైవర్ మాత్రం అలాగే ఉంటుంది, మిగతా స్క్రీన్ రీడర్లకు డిస్‌ప్లే కనపడదు. నిన్నటిదాకా పనిచేసింది, నరేటర్ ఎలా ఉందో చూద్దామని ఒకసారి ముట్టుకున్నాక పోయింది అంటే కారణం దాదాపు ఇదే. నరేటర్ సెట్టింగ్స్‌లో బ్రెయిలీని తీసేయండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆ డిస్‌ప్లే దగ్గరకెళ్లి, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లో ఉన్న జాబితానుంచి పాత డ్రైవర్‌ను మళ్లీ ఎంచుకోండి.

ఎన్‌వీడీఏ వాడేవారు ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, ఏ కలిపి నొక్కితే డిస్‌ప్లే ఎంచుకునే డైలాగ్ వస్తుంది. మామూలుగా "ఆటోమేటిక్" చాలు. అది పట్టుకోలేకపోతే జాబితాలో మీ మోడల్ పేరు వెతికి పెట్టండి. పేరు లేకపోయినా కంగారొద్దు. బ్రెయిలీ డిస్‌ప్లేలన్నీ ఒకే భాషలో మాట్లాడాలని 2018లో హెచ్‌ఐడీ బ్రెయిలీ అనే ప్రమాణం వచ్చింది. దాన్ని పాటించే డిస్‌ప్లేకు తయారీదారు డ్రైవర్ అక్కర్లేదు. జాబితాలో "స్టాండర్డ్ హెచ్‌ఐడీ" అన్నది ఎంచుకుని, డిస్‌ప్లే మెనూలోనూ హెచ్‌ఐడీ మోడ్ ఉంటే దాన్నే పెట్టండి. రెండు చోట్లా ఒకటే ఉండాలి. ఒకవైపు పాత మోడ్, ఇంకోవైపు హెచ్‌ఐడీ ఉంటే రెండూ ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకోని మనుషుల్లా ఉండిపోతాయి.

మ్యాక్‌లో యూఎస్‌బీ అయితే తగిలిస్తే చాలు. బ్లూటూత్ డిస్‌ప్లేను మాత్రం మ్యాక్ స్క్రీన్ రీడర్ సెట్టింగ్స్ ఉండే వాయిస్‌ఓవర్ యుటిలిటీలో బ్రెయిలీ కింద చేర్చుకోవాలి. లినక్స్‌లో డిస్‌ప్లేను నడిపేది బీఆర్‌ఎల్‌టీటీవై, దానికి డెస్క్‌టాప్‌లోని సంగతులు చెప్పేది ఆర్కా అనే స్క్రీన్ రీడర్. నల్ల తెర కన్సోల్‌లో బ్రెయిలీ వచ్చి, డెస్క్‌టాప్‌లో రాకపోతే ఆర్కా ప్రిఫరెన్సెస్‌లో బ్రెయిలీ టిక్ ఉందో లేదో చూడండి.

బ్లూటూత్‌లో ఒకరోజు కలుస్తుంది, ఒకరోజు కలవదు

నా కథే చెబుతాను. ఒక మీటింగ్‌కు పది నిమిషాల ముందు డిస్‌ప్లే ఆన్ చేశాను. "కనెక్టెడ్" అని వచ్చింది, కానీ ల్యాప్‌టాప్‌లో ఏం నొక్కినా చుక్క కదల్లేదు. జత (పెయిరింగ్) తీసేసి మళ్లీ కలిపాను. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. చేతులు చెమటలు పట్టాయి. అప్పుడు ఎవరిదో మెసేజ్ వచ్చింది, అది నా వేళ్ల కింద ప్రత్యక్షమైంది. డిస్‌ప్లే బ్యాగులో ఉన్న నా ఫోన్‌కు కలిసి, దాని మాటే వింటోంది! "కనెక్టెడ్" అన్నది నిజమే, ఎవరితో అన్నదే నేను అడగలేదు.

కారణం అదే. ఇంతకుముందు జతకట్టిన పరికరాల్లో ఏది ముందు అందితే దానికి డిస్‌ప్లే అంటుకుపోతుంది. ఫోన్ బ్లూటూత్ ఆపి చూడండి. డిస్‌ప్లేలో నాలుగైదు కనెక్షన్లు గుర్తుపెట్టుకునే మెనూ ఉంటే అందులోంచి ల్యాప్‌టాప్ పేరును మీరే ఎంచుకోండి.

అదీ కాకపోతే జతను రెండు వైపులా చెరిపేయాలి. కంప్యూటర్‌లో ఒక్కచోటే "రిమూవ్" నొక్కితే డిస్‌ప్లే పాత తాళంచెవినే పట్టుకు కూర్చుంటుంది. మళ్లీ కలిపేటప్పుడు పిన్ అడిగితే చాలా పరికరాలకు 0000 గానీ 1234 గానీ సరిపోతుంది. పిన్ అడిగే ఆ చిన్న కిటికీ ఒక్కోసారి మిగతా కిటికీల వెనక వచ్చి నిలబడుతుంది. ఆల్ట్, ట్యాబ్‌తో వెతుక్కోండి.

అక్షరాలు వస్తున్నాయి, ఒక్క ముక్కా చదవలేం

ఇక్కడ డిస్‌ప్లే తప్పు ఏమీ లేదు. తెరమీది అక్షరాన్ని ఏ చుక్కలుగా మార్చాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని టేబుల్ అంటారు. అది తప్పుగా ఉంది, అంతే.

తెలుగు వాక్యం మీద వేలు పెడితే బ్యాక్‌స్లాష్, ఎక్స్, సున్నా, సీ, రెండు, నాలుగు అని తగిలిందా? అది "త" అక్షరపు యూనికోడ్ సంఖ్య. టేబుల్ ఇంగ్లిష్‌ది, దానికి తెలుగు రాదు. తెలియని అక్షరం ఎదురైనప్పుడల్లా దాని సంఖ్యను ఇలా పొడుగ్గా అప్పజెబుతుంది. "తెలుగు" అనే ఒక్క పదంలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలున్నాయి. ఒక్కోటి ఆరు గడులకు తక్కువ కాకుండా తింటే 40 గడుల డిస్‌ప్లే దాదాపుగా నిండిపోతుంది. తెలుగు టేబుల్ పెట్టగానే అదే పదం ఆరు గడుల్లో కూర్చుంటుంది: త, ఎ, ల, ఉ, గ, ఉ. మొదటిదానికి 2, 3, 4, 5 చుక్కలు, రెండోదానికి 2, 6. ఎన్‌వీడీఏలో సెట్టింగ్స్, బ్రెయిలీ, అవుట్‌పుట్ టేబుల్ దగ్గర తెలుగు ఎంచుకోండి.

తెలుగు బాగానే ఉండి ఇంగ్లిష్ పదాలు సగంసగం వస్తున్నాయంటే గ్రేడ్ 2 పెట్టి ఉంటుంది. అందులో పదాలను కుదించి రాస్తారు. గ్రేడ్ 2 నేర్చుకోనివారు గ్రేడ్ 1కి మారితే సరి. ఇక అన్ని పదాలూ బాగుండి కర్సర్ ఉన్న ఒక్క పదమే వేరే రూపంలో కనిపిస్తోందా? అది లోపం కాదు. దిద్దుబాటుకు వీలుగా ఉంటుందని కర్సర్ ఉన్న పదాన్ని కంప్యూటర్ బ్రెయిలీలో (ఒక్కో అక్షరానికి ఒక్కో గడి) విప్పి చూపించే సెట్టింగ్ అది. నాకు అది చిరాకు, మొదటిరోజే తీసేశాను. కింద 7, 8 చుక్కలు అదే పనిగా లేచి పడుతుంటే అది కర్సర్. వరసగా చాలా గడుల కింద కదలకుండా నిలబడితే అంతమేరా టెక్స్ట్ సెలెక్ట్ అయి ఉంది, ఆ సమయంలో ఏదైనా కీ నొక్కే ముందు ఆలోచించండి.

తెలుగులో ఇంకో సంగతి. సంయుక్తాక్షరానికి మనం చదువుకున్న బ్రెయిలీలో 4వ చుక్క ముందు వస్తుంది, "అమ్మ" అంటే అ, 4వ చుక్క, మ, మ. తెరమీద నిల్వ ఉండే పద్ధతిలో పొల్లు మొదటి "మ" తర్వాత ఉంటుంది. అందుకని వత్తుల దగ్గర గడి పైనున్న రూటింగ్ బటన్ నొక్కితే కర్సర్ సరిగ్గా అక్కడే పడిందో లేదో ఒక అక్షరం అటూ ఇటూ జరిపి చూసుకోండి.

చదువుతుంటే ఉన్నట్టుండి కదలడం మానేసింది

మాట వినిపిస్తోంది, చుక్కలు మాత్రం పాత వాక్యం దగ్గరే ఉన్నాయి. చాలాసార్లు డిస్‌ప్లే ఫోకస్‌ను (మీరు పనిచేస్తున్న చోటును) వదిలేసి రివ్యూ కర్సర్‌కు, అంటే తెరను చూసుకోవడానికి విడిగా కదిపే కర్సర్‌కు, కట్టుబడి ఉంటుంది. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, టీ నొక్కుతూ పోతే ఈ కట్టు మారుతుంది. "ఆటోమేటిక్" దగ్గర ఆపండి. ఇంకో కారణం, నోటిఫికేషన్ ఒకటి వచ్చి తిష్ఠ వేయడం. మెసేజ్‌లను శాశ్వతంగా చూపించమని పెట్టి ఉంటే మీరు రూటింగ్ బటన్ నొక్కేదాకా అది పోదు. దాన్ని కొన్ని సెకన్ల గడువుకు మార్చండి.

కాసేపు ఊరుకున్నాక, లేదా ల్యాప్‌టాప్ మూసి తెరిచాక డిస్‌ప్లే తెగిపోతుంటే విండోస్ కరెంటు పొదుపు చేస్తోందన్నమాట. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్‌ల ప్రాపర్టీస్‌కు వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ పరికరాన్ని ఆఫ్ చేయడానికి అనుమతించే టిక్‌ను తీసేయండి.

పాస్‌వర్డ్ తెర దగ్గర మాత్రం ఖాళీ

లాగిన్ తెరలో ఎన్‌వీడీఏ మీ సెట్టింగ్‌లు చదవదు, దానికి వేరే కాపీ కావాలి. బ్రెయిలీ అంతా సరిచేసుకున్నాక జనరల్ సెట్టింగ్స్‌లో, సైన్ ఇన్ సమయంలో ఎన్‌వీడీఏ వాడే టిక్ పెట్టి, ప్రస్తుత సెట్టింగ్‌లను అక్కడికి పంపే బటన్ నొక్కండి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది. తర్వాత ఎప్పుడు డిస్‌ప్లే మార్చినా ఈ బటన్ మళ్లీ నొక్కాలి, అది ఎవరికీ గుర్తుండదు.

డిస్‌ప్లే కీలతో కొడితే అక్షరం పడదు

ఇన్‌పుట్ టేబుల్ వేరు, అవుట్‌పుట్ టేబుల్ వేరు. చదివేది తెలుగైనా రాసేది ఇంగ్లిష్ గ్రేడ్ 2లో ఉండొచ్చు. గ్రేడ్ 2లో స్పేస్ నొక్కేదాకా పదం తెరమీద పడదు, దాన్ని చూసి పాడైందనుకుంటారు. ఎన్‌వీడీఏలో 7వ చుక్క ఒక్కటే నొక్కితే కొట్టింది చెరుగుతుంది, 8వ చుక్క ఎంటర్. వెబ్ పేజీలో ఉంటే ముందు ఎడిట్ పెట్టెలోకి ఫోకస్ మోడ్‌లో (కొట్టిన కీలు నేరుగా పెట్టెకు చేరే మోడ్) దిగారో లేదో చూసుకోండి.

ఒక చుక్క లేవదు, లేదా పడదు

ఇది టేబుల్ తప్పా, గడి తప్పా తేల్చడానికి వాక్యాన్ని జరపండి. తప్పు వాక్యంతో పాటు జరిగితే సాఫ్ట్‌వేర్. అదే గడిలో ఉండిపోతే హార్డ్‌వేర్. ఇంకా గట్టిగా తేల్చాలంటే ఎనిమిది చుక్కలూ లేచే ⣿ గుర్తును గడుల సంఖ్యకు సరిపడా వరసగా అతికించి, చూపుడు వేలితో ఎడమనుంచి కుడికి మెల్లగా తడమండి. లోపమున్న చుక్క దగ్గర వేలికి చిన్న గుంట తగులుతుంది.

చాలా డిస్‌ప్లేల్లో గడి కింద పైజో ఎలక్ట్రిక్ పలకలు ఉంటాయి. దాదాపు 200 వోల్టులు తగలగానే వంగి పిన్నును పైకి నెడతాయి, కరెంటు చాలా స్వల్పం. చేతి జిడ్డు, చెమట, తినుబండారాల పొడి పిన్నుల మధ్య పేరుకుంటే అవి ఇరుక్కుంటాయి. డిస్‌ప్లే ఆఫ్ చేసి, నూలు రాలని పొడి గుడ్డతో తుడవండి. ద్రవాలు నేరుగా చల్లవద్దు, సూదితో పొడవవద్దు. అయినా కదలకపోతే ఎడమనుంచి అది ఎన్నో గడి, అందులో ఎన్నో చుక్క, అది లేవనిదా, పడనిదా అన్నది రాసిపెట్టి సర్వీస్‌కు పంపండి.